అడిరాండాక్ హై పీక్స్: మొదటి కొండగా మార్సీ ఎందుకు వద్దంటానంటే

మీరు అడిగింది ఇదీ: ఎడిసన్ నుంచి రెండు కుటుంబాలు, నలుగురు పెద్దవాళ్లు, పన్నెండేళ్ల బాబు. అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి అడిరాండాక్స్ వెళ్లి, న్యూయార్క్ రాష్ట్రంలోకెల్లా ఎత్తయిన మౌంట్ మార్సీ ఎక్కాలి. దాంతో 46 శిఖరాల లెక్క, అంటే అక్కడి 46 పెద్ద కొండలన్నీ ఎక్కే జాబితా, మొదలుపెట్టాలి. వీలైతే ఒక రాత్రి టెంట్‌లో పడుకోవాలి. అలిపిరి మెట్ల దారిలో తిరుమల మూడు గంటల్లో ఎక్కేశాం, ఆ ఓపిక చాలా? పర్మిట్లు కావాలా? బూట్లు కొనాలా? బాబు నడవగలడా?

సూటిగా చెప్తాను. అడిరాండాక్స్ తప్పకుండా వెళ్లండి. మార్సీ మాత్రం ఈసారికి వద్దు. నేను ఆల్బనీ దగ్గర ఉంటాను, పదమూడేళ్లుగా ఆ కొండల్లో తిరుగుతున్నాను. 46 పూర్తవడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. మార్సీ ఇప్పటికి ఆరుసార్లు ఎక్కాను. మొదటిసారి ఎక్కింది సరిగ్గా మీరు అనుకుంటున్న పద్ధతిలోనే, అదే వారాంతంలో. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు తిరుమల సంగతి. ఆ దారిలో 3,550 మెట్లు, దూరం సుమారు 9 కిలోమీటర్లు. మూడు గంటల్లో ఎక్కారంటే మీ గుండె, ఊపిరితిత్తులు బాగున్నట్టే, అది చిన్న విషయమేం కాదు. కానీ అక్కడ మెట్టు మెట్టుకీ ఎత్తు దాదాపు ఒకటే. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోనక్కర్లేదు. దారి పొడుగునా పైకప్పు, నీళ్లు, కూర్చోవడానికి అరుగులు. అన్నిటికంటే ముఖ్యం, దర్శనం అయ్యాక చాలామంది బస్సెక్కి దిగిపోతారు. మార్సీకి హార్ట్ లేక్ అనే చెరువు దగ్గరి లాజ్ (బస చేసే లాడ్జి) నుంచి వెళ్లే దారి ఒక వైపే 7.4 మైళ్లు, అంటే 12 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు 3,100 అడుగుల పైచిలుకు. పైకి చేరాక ఆ 7.4 మైళ్లూ మళ్లీ మీ కాళ్ల మీదే దిగాలి. నేను చూసినంతలో జనం ఇబ్బంది పడేది ఎక్కేటప్పుడు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక, దిగుడులో, మోకాళ్లు మొరాయించినప్పుడు.

దారి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో నడిచినవాళ్లు ట్రైల్ అంటే మెలికలు తిరుగుతూ నిదానంగా పైకి పోయే మట్టి బాట అనుకుంటారు. అడిరాండాక్స్‌లో చాలా దారులు పందొమ్మిదో శతాబ్దంలో గైడ్లు వేసినవి. వాళ్లు మెలికలు పెట్టలేదు, శిఖరం ఎటుంటే అటు నిట్టనిలువుగా గీత గీశారు. వాన నీళ్లూ అదే గీతలో దిగుతాయి. నూట యాభై ఏళ్లుగా మట్టి కొట్టుకుపోయి ఇప్పుడక్కడ మిగిలింది బండలు, వేర్లు, బురద. రెండు మైళ్లు నడిచాక కూడా పక్కనున్న మనిషి మొహం చూస్తూ మాట్లాడటం కుదరదు, కళ్లు పాదాల మీదే ఉండాలి. అక్కడి బండ అనార్థొసైట్ అనే అరుదైన రాయి. చంద్రుడి మీద తెల్లగా కనిపించే ఎత్తైన ప్రాంతాల్లో ఉన్నదీ ఆ జాతి రాయే. పొడిగా ఉంటే బూటుని భలే పట్టుకుంటుంది. దాని మీద ఆకుల తడి గానీ, పలచటి మంచు పొర గానీ ఉంటే మాత్రం అదే రాయి సబ్బులా జారుతుంది.

ఇక లెక్క చూద్దాం. కొండ దారుల్లో మైలుకి అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకి ఇంకో అరగంట, ఇది అందరూ వాడే మోటు లెక్క. మార్సీకి రానూపోనూ 14.8 మైళ్లకి దాదాపు ఏడున్నర గంటలు, ఎత్తుకి గంటన్నర. మొత్తం తొమ్మిది. ఇది ఆగకుండా, అలవాటున్న కాళ్లతో నడిస్తే. పిల్లవాడితో, ఫొటోలతో, తిండితో, మొదటిసారి వెళ్లేవాళ్లకి పదకొండు, పన్నెండు గంటలు పడుతుంది. అక్టోబరు రెండో వారంలో లేక్ ప్లాసిడ్ దగ్గర సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో, అస్తమయం ఆరుంపావు ప్రాంతంలో. ఉన్న వెలుగే పదకొండు గంటలు. అడవిలో ఇంకా ముందే చీకటి కమ్ముతుంది. అంటే ఏ పొరపాటూ జరగకపోతేనే బొటాబొటీగా సరిపోయే రోజు అది.

మా మొదటిసారి పొరపాట్లు జరిగాయి. నలుగురు స్నేహితులం. హోటల్లో టిఫిన్ చేసి, పార్కింగ్ నిండిపోతే కిందెక్కడో కారు పెట్టి, నడక మొదలుపెట్టేసరికి తొమ్మిదింపావు. ఇద్దరు జీన్స్‌లో ఉన్నాం. దారిలోని ఇండియన్ ఫాల్స్ అనే జలపాతం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి బండ మీద కూర్చుంటే ఎదురుగా అల్గాంక్విన్ శిఖరం కనిపిస్తుంది. ఎంత బాగుందో, అక్కడే ముప్పావుగంట గడిచిపోయింది. శిఖరం మూడున్నరకి. చెట్లు దాటి బయటి బండ మీదికి రాగానే గాలి మనిషిని పక్కకి నెట్టేస్తోంది. చెమటతో తడిసిన నూలు చొక్కా పది నిమిషాల్లో మంచు ముక్కలా అయిపోయింది. దిగుతుంటే ఒకతనికి కుడి మోకాలు పట్టేసింది. ఒక్కో బండ దగ్గర కూర్చుని, చేతులు ఆనించి, జారుతూ దిగాడు. ఆరున్నరకి అడవిలో చీకటి. మా దగ్గర హెడ్‌ల్యాంప్ ఒక్కటీ లేదు, ఫోన్లున్నాయి కదా అనుకున్నాం. చలికి బ్యాటరీలు ఎంత వేగంగా పడిపోతాయో ఆ రోజే తెలిసింది. ఫోన్ వెలుగులో తడి వేరు, రాయి, నీళ్ల గుంట మూడూ ఒకేలా నల్లగా మెరుస్తాయి. పాదం పెట్టి, బరువు మోపకుండా తడిమి, అప్పుడు అడుగు వెయ్యాలి. రెండు ఫోన్లు చచ్చిపోయాక వెనక నుంచి ఒక పెద్దావిడ ఒంటరిగా దిగుతూ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఏమీ అడగకుండా సంచీలోంచి ఇంకో హెడ్‌ల్యాంప్ తీసి మావాడి తలకి తగిలించి, చివరి రెండు మైళ్లు మా నడకకి తగ్గట్టు తన నడక తగ్గించుకుని కారు దాకా వచ్చింది. పార్కింగ్‌కి చేరింది రాత్రి పదింటికి. ఆవిడ పేరు అడగాలని కూడా తోచలేదు మాకు.

అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒక్కటే: మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగడం. జూన్, జూలైల్లో రెండింటి దాకా పొడిగిస్తాను, అంతే. ఆ టైము ఇంటి దగ్గరే అందరితో ఒప్పించుకుని బయల్దేరాలి. కొండ మీద నిర్ణయిద్దాం అనుకుంటే కుదరదు. శిఖరం అర మైలు దూరంలో కళ్ల ముందు కనిపిస్తుంటే ఎవరి నోటికీ వెనక్కి అన్న మాట రాదు. అల్గాంక్విన్ దగ్గర నేను శిఖరానికి పావు మైలు కింద నుంచి ఒకసారి వెనక్కి వచ్చాను. నీడ పడ్డ బండ మీద పారదర్శకంగా మంచు కట్టి ఉంది, నా దగ్గర స్పైక్స్, అంటే బూటుకి తగిలించుకునే ఇనప ముళ్లు, లేవు. తర్వాతి జూలైలో మళ్లీ వెళ్లాను.

మరి మీ మూడు రోజులు ఎలా గడపాలి? శుక్రవారం పెందలాడే బయల్దేరగలిగితే మధ్యాహ్నానికి లాజ్ చేరి మౌంట్ జో ఎక్కండి. ఎత్తు 2,876 అడుగులు, లాజ్ నుంచి మైలు పైచిలుకు నడక, 700 అడుగుల ఎక్కుడు. 46 లెక్కలోకి రాదు. కానీ దాని నెత్తి మీది బండ నుంచి కనిపించే దృశ్యం చాలా పెద్ద శిఖరాల మీద కూడా దొరకదు. కింద గుండె ఆకారపు చెరువు, ఎదురుగా అల్గాంక్విన్, ఎడమగా మార్సీ. ఆ కొండ పేరు వెనక ఒక కథ ఉంది. హెన్రీ వాన్ హోవెన్‌బర్గ్ అనే ఆయన, తను పెళ్లాడబోయే జోసెఫీన్ కలిసి ఆ చెరువు పక్కన ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. పెళ్లి కాకముందే ఆవిడ చనిపోయింది. ఆయన ఒక్కడే వచ్చి అక్కడ పెద్ద దుంగల లాడ్జి కట్టి, ఎదురు కొండకి ఆమె పేరు పెట్టాడు. ఆ లాడ్జి 1903 కార్చిచ్చులో కాలిపోయింది. మార్సీకి వెళ్లే దారికి ఇప్పటికీ ఆయన పేరే.

శనివారం ఆంపర్‌శాండ్ మౌంటెన్. 3,352 అడుగులు, రానూపోనూ అయిదున్నర మైళ్లు. మొదటి సగం పాత హెమ్లాక్ చెట్ల కింద చదునుగా సాగి, తర్వాత ఒక్కసారిగా నిలువు బండలు మొదలవుతాయి. మీ మోకాళ్లు, మీ బూట్లు, బాబు ఓపిక ఏపాటివో ఈ ఒక్క కొండ చెప్పేస్తుంది. పైన బోడి బండ, చుట్టూ చెరువులు. ఆ బండ బోడిగా పుట్టలేదు. 1870లలో సర్వే చేసిన వెర్‌ప్లాంక్ కాల్విన్ కొలతల కోసం పైనున్న చెట్లు కొట్టించాడు. వేళ్లు పోయాక మట్టి వానలకి కొట్టుకుపోయింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్లలో కూడా అడవి తిరిగి రాలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ ఈ మాటకొస్తాను.

కాస్కేడ్ సంగతి అడుగుతారని తెలుసు. 4,098 అడుగులు, 46లో తేలికైనదని పేరు, పక్కనే పోర్టర్ కూడా కలిసొస్తుంది, రెండూ కలిపి ఆరు మైళ్ల చిల్లర. పిల్లలతో మొదటి హై పీక్‌గా నేనూ దాన్నే చెప్తాను. కానీ ఆ లాంగ్ వీకెండ్‌లో వద్దు. ఆకులు రంగు మారే ఆ మూడు రోజుల్లో రూట్ 73 పొడుగునా కార్లు, శిఖరం మీద వందల మంది. రోడ్డు పక్క ఆపడం చాలాచోట్ల నిషేధం, టికెట్ పడుతుంది, కారు లాక్కెళ్తారు కూడా. సోమవారం కూడా అదే రద్దీ. ఒక మామూలు మంగళవారమో బుధవారమో సెలవు పెట్టగలిగితే సెప్టెంబరులో వెళ్లండి, ఆ కొండే వేరుగా ఉంటుంది.

పర్మిట్ల సంగతి. అడిరాండాక్ పార్క్‌కి గేటు లేదు, టికెట్ లేదు. దాదాపు 60 లక్షల ఎకరాలు, అందులో సగానికి కాస్త తక్కువ రాష్ట్రానిది, మిగతాది ప్రైవేటు భూమి. లోపల ఊళ్లున్నాయి, బళ్లున్నాయి, లక్షకి పైగా జనం ఉంటున్నారు. 1885లో అడవిని ప్రభుత్వ రక్షణలోకి తెచ్చారు, 1892లో పార్క్ ప్రకటించారు. అప్పట్లో చెట్లు నరికేస్తుంటే హడ్సన్ నదికీ కాలువలకీ నీళ్లు తగ్గిపోతాయన్న భయమే దానికి పెద్ద కారణం. 1894లో ఇంకో మెట్టు ఎక్కి, ఈ ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసేశారు. అది మార్చాలంటే శాసనసభ వరుసగా రెండు దఫాలు ఆమోదించాలి, ఆపైన జనం ఓటెయ్యాలి. ఆ అడవిలోంచి రోడ్ల వంపులు సరిచెయ్యడానికి కూడా ఒకప్పుడు ఆ తతంగం జరపాల్సి వచ్చింది. అమెరికాలో నాకు బాగా నచ్చిన చట్టం ఇదే.

పగటి నడకకి పర్మిట్ అక్కర్లేదు. రెండు సంగతులు మాత్రం తెలుసుకోండి. ఒకటి, ఆసేబుల్ వైపు నుంచి వెళ్లే కొన్ని దారులు ప్రైవేటు భూమి మీదుగా పోతాయి. అక్కడ మే 1 నుంచి అక్టోబరు 31 దాకా ముందుగా ఆన్‌లైన్‌లో రిజర్వేషన్ చేసుకోవాలి. డబ్బు కట్టక్కర్లేదు గానీ అది లేకపోతే రానివ్వరు. రెండు, లాజ్ దగ్గర పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, ఆ వారాంతంలో తెల్లవారకముందే నిండుతుంది. బయల్దేరే ముందు రోజు రాష్ట్ర పర్యావరణ శాఖ, అంటే డి.ఇ.సి. వాళ్ల వెబ్‌సైట్‌లో అడిరాండాక్ దారుల స్థితి చదవండి. వంతెనలు, మూసివేతలు, పైన మంచు, అన్నీ వారం వారం రాస్తారు.

మనవాళ్లు తెలియక తప్పు చేసేది గుంపు విషయంలో. వాట్సాప్‌లో అనుకుని పాతిక మంది కలిసి బయల్దేరడం మనకి అలవాటు. మార్సీ ఉన్న తూర్పు హై పీక్స్‌లో పగటి గుంపు 15 మందికి మించకూడదు, రాత్రి ఉండే గుంపు 8కి మించకూడదు. పాతిక మందిమి రెండు ముక్కలై వెనకవెనకే నడుస్తాం అంటే కుదరదు, అది కూడా ఒకే గుంపు కింద లెక్క. స్పీకర్‌లో పాటలు పెట్టకూడదు. డ్రోన్ ఎగరెయ్యకూడదు. గాజు సీసాలు తేకూడదు, ఆవకాయ ఏ ప్లాస్టిక్ డబ్బాలోకో మార్చుకోండి. కుక్క ఉంటే తాడు వదలకూడదు. మీరు అయిదుగురే కాబట్టి గుంపు సమస్య లేదు, ఇంకెవరైనా వస్తామంటే ఈ పేరా చూపించండి.

టెంట్ గురించి నా మాట: ఈసారి వద్దు. అక్టోబరులో అక్కడ రాత్రి సున్నా డిగ్రీలకి దిగడం మామూలే, మామూలు స్లీపింగ్ బ్యాగ్ చాలదు. తూర్పు హై పీక్స్‌లో మంట పూర్తిగా నిషేధం, చిన్న గ్యాస్ స్టవ్ మీదే వండుకోవాలి. 4,000 అడుగుల పైన టెంట్ వెయ్యకూడదు. 3,500 నుంచి 4,000 అడుగుల మధ్య గుర్తు పెట్టిన చోట్లే వేసుకోవాలి. గుర్తు పెట్టిన చోట్లు లాంగ్ వీకెండ్‌లో శుక్రవారం సాయంత్రానికే నిండిపోతాయి. పైగా ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 దాకా బేర్ కానిస్టర్ తప్పనిసరి. ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా అది. వాసనొచ్చే ప్రతిదీ, టూత్‌పేస్ట్, లిప్ బామ్ సహా, రాత్రి అందులోనే ఉండాలి. అక్కడివి నల్ల ఎలుగుబంట్లు, మనుషుల జోలికి రావడం బహు అరుదు, వాటికి కావాల్సింది మన తిండి. ఎల్లో-ఎల్లో అని పిలిచే ఒక చిన్న ఆడ ఎలుగు ఉండేది. చెవులకి రెండు పసుపు ట్యాగులు ఉండేవి కాబట్టి ఆ పేరు. ఒక రకం కానిస్టర్ మూత గుట్టు కనిపెట్టి పళ్లతో నొక్కి తెరిచేది. కంపెనీ వాళ్లు మూత డిజైన్ మార్చినా దాని ముందు నిలవలేదు. టెంట్‌లో చిప్స్ ప్యాకెట్ దాచుకున్నంత మాత్రాన ఏం కాదులే అనుకునేవాళ్లకి నేను ఎల్లో-ఎల్లో సంగతే చెప్తాను.

ఇందాక ఆంపర్‌శాండ్ దగ్గర ఆపిన మాటకి వస్తాను. ఇది ఓపిగ్గా చదవండి. హై పీక్స్‌లో అన్నిటికంటే ఎత్తైన కొన్ని శిఖరాల నెత్తిన, చెట్లు ఆగిపోయాక, ఒక రకం మొక్కలు ఉంటాయి. మంచుయుగం వెనక్కి తగ్గినప్పుడు దాంతో పాటు ఉత్తరానికి పోకుండా ఈ చల్లటి కొండ నెత్తుల మీద ఆగిపోయిన ధ్రువ ప్రాంతపు మొక్కలవి. న్యూయార్క్ రాష్ట్రం మొత్తానికి అలాంటి నేల 170 ఎకరాలో ఏమో, అంతే. అల్గాంక్విన్ మీద సమ్మిట్ స్టూవార్డ్, అంటే ఆ మొక్కలకి కాపలా ఉండే ఒకమ్మాయి, నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి డయపెన్సియా అనే మొక్క చూపించింది. అరచేతి మందాన చిన్న దిండులా ఉంది. ముట్టుకోకుండా మొహం దగ్గరికి పెట్టి చూస్తే, ఆవగింజంత ఆకులు వందలు వందలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్నాయి, గాలి లోపలికి దూరకుండా. ఆ దిండు అంత అవడానికి దశాబ్దాలు పట్టిందని చెప్పింది. దాని అంచున బూటు మడమంత మేర గోధుమ రంగు మచ్చ ఉంది. ఎవరో ఫొటో కోసం ఒక అడుగు పక్కకి వేశారు. మంచు, గాలి, మైనస్ ముప్పై చలి, అన్నీ తట్టుకునే మొక్క ఆ ఒక్క అడుగుకి పోయింది. అది పోతే కింద మట్టి పోతుంది, మట్టి పోతే ఆంపర్‌శాండ్ నెత్తిలా బండే మిగులుతుంది.

1970ల నాటికి మార్సీ, అల్గాంక్విన్ నెత్తులు ఆ దారిలోనే ఉన్నాయి. ఎడ్విన్ కెచ్‌లెడ్జ్ అనే వృక్షశాస్త్రవేత్త గడ్డి విత్తనాలు, ఎరువు పైకి మోయించి గాయాలు మాన్పే పని మొదలుపెట్టాడు. 1989లో మొదలైన సమ్మిట్ స్టూవార్డ్ పథకం దాన్ని కొనసాగిస్తోంది. వేసవి నుంచి అక్టోబరు సెలవుల దాకా వాళ్లు రోజూ పైకి నడిచి వెళ్లి, సాయంత్రం దాకా గాలిలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్తారు: బండ మీదే నడవండి. గడ్డి అనుకుని దుప్పటి పరిచి కూర్చునేవాళ్లలో మనవాళ్లూ ఉండటం నేను చూశాను. చెప్తే వెంటనే లేచారు, తెలియకే కూర్చున్నారు. మీరు వెళ్లినప్పుడు ఆ స్టూవార్డ్‌తో అయిదు నిమిషాలు మాట్లాడండి, బాబుకి మొక్కలు చూపించమని అడగండి, ఎంతో సంతోషంగా చూపిస్తారు.

కింద అడవిలో కూడా ఇదే సూత్రం, కాకపోతే బురద రూపంలో. దారి మధ్య బురద ఉంటే మనం అలవాటుగా పక్కనుంచి చుట్టి పోతాం. అలా అందరూ పోతే రెండు అడుగుల దారి ఇరవై అడుగుల దారి అవుతుంది. నడుమ్మీదుగా, బురదలోంచే నడవాలి. అందుకే తడిసినా ఫరవాలేదనిపించే బూట్లు వేసుకోమంటాను. వసంతంలో మంచు కరిగే రోజుల్లో, ఏప్రిల్, మే నెలల్లో, 2,500 అడుగుల పైనున్న దారులకి పోవద్దని డి.ఇ.సి. వాళ్లే కోరతారు. ఆపైన జూన్ మధ్య దాకా బ్లాక్ ఫ్లైలు అనే చిన్న నల్ల ఈగలు కుడతాయి.

బూట్లు కొనాలా అని అడిగారు. కొనండి, కానీ ఖరీదైనవి అక్కర్లేదు. అడుగున లోతైన గాట్లుండి, మీ కాలికి బొటనవేలు ముందు అంగుళం ఖాళీ ఉంటే చాలు. దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకుంటాయి, ఆ ఖాళీ లేకపోతే గోళ్లు నల్లబడతాయి. రెండు వారాల ముందే కొని ఇంటి చుట్టుపక్కల తిరగండి. బూట్ల కంటే ముందు కొనాల్సింది మాత్రం మనిషికొక హెడ్‌ల్యాంప్, బాబుకి కూడా. నూలు బట్ట ఒంటి మీద ఒక్కటి కూడా ఉండొద్దు, జీన్స్ అసలే వద్దు. పాలిస్టర్ టీషర్టు, పైన ఫ్లీస్, ఆపైన గాలివాన ఆపే జాకెట్, టోపీ, చేతి తొడుగులు. కింద పార్కింగ్‌లో పదిహేను డిగ్రీలు ఉన్న రోజున పైన అయిదుంటుంది, గాలికి అది సున్నాలా తగులుతుంది. అక్టోబరు రెండో వారానికి పైన మంచు పడి ఉండటం వింతేమీ కాదు, కాబట్టి బూటుకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ కూడా సంచీలో ఉంచండి. చలికాలంలో ఎనిమిది అంగుళాల మంచు పడితే స్నోషూలు వేసుకోవడం అక్కడ నిబంధన. అది వేరే లోకం, దాని గురించి ఇప్పుడు వద్దు. ఫోన్‌లో మ్యాపు ముందే దించుకోండి, కాగితం మ్యాపు కూడా ఒకటి ఉంచండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

తిండి విషయం చిన్నదే గానీ అనుభవం మీద చెప్తున్నాను. పులిహోర కొండకి మంచి తోడు, ఉప్పూ నూనే రెండూ ఒంటికి అందుతాయి. కానీ చలిలో అన్నం బిర్రుగా అయిపోతుంది. పైగా తినాలంటే తొడుగులు తియ్యాలి, రెండు నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి. దాన్ని కింద మొదటి మజిలీలో తినేసి, పైకి చపాతీ చుట్టలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం ఉంచుకోండి. తొడుగుల చేత్తోనే తినొచ్చు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చెయ్యకుండా తాగొద్దు.

ఇక 46. బాబ్ మార్షల్, జార్జ్ మార్షల్ అనే అన్నదమ్ములు, వాళ్ల గైడ్ హెర్బర్ట్ క్లార్క్ కలిసి 1918లో వైట్‌ఫేస్‌తో మొదలుపెట్టి 1925లో ముగించిన జాబితా అది. 4,000 అడుగులు దాటినవన్నీ అనుకున్నారు. తర్వాతి సర్వేల్లో నాలుగు కొండలు అంత ఎత్తు లేవని తేలింది. అయినా జాబితా మార్చలేదు. ఆ నాలుగింట్లో కౌచ్‌సక్‌రాగా 3,820 అడుగులే. దాని దగ్గరికి పోవాలంటే మోకాలి లోతు బురద గుంట దాటాలి. పైన చెప్పుకోదగ్గ దృశ్యమేమీ లేదు, కానీ అక్కడికి చేరిన రోజు నాకు బాగా గుర్తు. ఆ మొదటి ముగ్గురికీ ఏడేళ్లు పట్టింది, మీరూ తొందరపడకండి. నా వరసైతే ఇదీ: ముందు కాస్కేడ్, పోర్టర్. తర్వాత ఫెల్ప్స్. దీనికి మొదటి మూడు మైళ్లు మార్సీ దారే కాబట్టి ఆ దారి ఎలాంటిదో కాళ్లకి తెలిసిపోతుంది. ఆపైన బిగ్ స్లైడ్, జెయింట్. జెయింట్ మూడు మైళ్లలోనే 3,000 అడుగులు లేపుతుంది. అది ఎక్కి దిగిన మర్నాడు మెట్లు దిగగలిగితే అల్గాంక్విన్‌కి సిద్ధం. అప్పుడు మార్సీ, జూన్ చివర్లో, పగలు పదిహేను గంటలుండే రోజు చూసుకుని, తెల్లారుజామున అయిదింటికి బయల్దేరి. ఆ జాబితాలో దాదాపు సగం కొండలకి ప్రభుత్వం వేసిన దారులు లేవు, నడిచీ నడిచీ పడిన కాలిబాటలే. వాటిని ఆఖరికి ఉంచుకోండి.

బాబు నడవగలడా అన్నారు. పన్నెండేళ్ల పిల్లలు మనకంటే బాగా ఎక్కుతారు. వాళ్లతో వచ్చే ఇబ్బందల్లా ముందుకి పరిగెత్తడం, చలేస్తోందని చెప్పకపోవడం. గుంపులో ముందు పెద్దవాళ్లొకరు, వెనక ఒకరు, వాడు మధ్యలో. అరగంటకొకసారి వాడి చేతి తొడుగు తీసి వేళ్లు మీ చేత్తో పట్టుకుని చూడండి. మొదట్లో ఉన్న రిజిస్టర్ పుస్తకంలో పేర్లు, ఎంతమంది, ఎక్కడికి, ఎన్నింటికి అన్నది వాడి చేతే రాయించండి. రాత్రి ఎవరైనా తిరిగి రాకపోతే రేంజర్లు ముందు తెరిచి చూసేది ఆ పుస్తకమే. దిగొచ్చాక, ఎంత అలసిపోయినా సరే, కారెక్కే ముందు వాడిచేతే అందులో తిరిగొచ్చిన టైము కూడా వేయించండి.